నల్ల చక్రాల ఇంజను

మట్టెవాడలో నా గడియారాల దుకాణానికి ఇప్పుడు వచ్చేవాళ్లలో సగం మంది దారి అడగడానికి వస్తారు, మిగతా సగం గోడ గడియారానికి సెల్లు వేయించుకోవడానికి. సెల్లు వేయడానికి నా నలభై ఏళ్ల పనితనం అక్కర్లేదు. ఆ మాట పైకి అంటే వాళ్లు కూడా రారు. అందుకని నోరు మూసుకుని వేసిస్తాను.

కౌంటరు వెనక అద్దాల బీరువాలో ముప్పై రెండు రైలింజన్లు ఉన్నాయి. రేకు బొమ్మలు. చూడ్డానికి ఆవిరి ఇంజన్లే గానీ, కీ ఇస్తే స్ప్రింగు మీద నడుస్తాయి. అన్నీ కలకత్తాలో ఎప్పుడో మూతపడ్డ ఒకే కంపెనీవి. "అన్నీ ఒక్కతీరే ఉన్నయి గదా, గిన్నెందుకు?" అని అడుగుతారు. ఒళ్లు మండుతుంది. ఒక్కతీరా! మొదటి దఫాలో చేసినవాటికి బాయిలరు మీద ఇత్తడి బుడిపె, కింద ఎర్ర చక్రాలు. తర్వాత ఇత్తడి పిరమైందేమో, రేకు బుడిపె పెట్టారు. ఆ తర్వాత కీ పెట్టే బెజ్జం ఎడమ నుంచి కుడికి పోయింది. మొదట్లో డ్రైవరు కిటికీలో మనిషి బొమ్మ ఉండేది. చివరికొచ్చేసరికి మనిషిని తీసేసి ఖాళీ కిటికీ అచ్చేశారు. ఆ ఖాళీ కిటికీవి నా దగ్గర రెండున్నాయి. వాటిని ఎక్కువసేపు చూడను.

నేను పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని సతాయించేవాళ్లు కూడా ఒక్కొక్కరే పోయారు. పొద్దున్నే టీ కొట్టువాడితో రెండు మాటలు, మధ్యాహ్నం గిరాకీతో నాలుగు మాటలు. కొన్ని రోజులు అవి కూడా ఉండవు. సాయంత్రం షట్టరు దించుతూ నాలో నేనే గొణుక్కుంటుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తుంది.

అలాంటి నాకు ఒకే ఒక్క మనిషి దొరికాడు. నర్సంపేటలో టైలరు. నాకంటే పదేళ్లు చిన్న. గోడ గడియారం బాగుచేయించుకుందామని వచ్చి, బీరువా ముందు నిలబడిపోయాడు.

"అన్నా, గీ ఇంజన్ల కిటికీలు ఏరేరే ఉన్నయేందే?" అన్నాడు.

అబ్బ, ఆ ఒక్క ప్రశ్నకు నా కడుపు నిండిపోయింది. జిల్లా మొత్తంలో ఎవరూ చూడనిది కుట్టుపని చేసే ఆ కళ్లు ఒక్క నిమిషంలో పట్టుకున్నాయి. ఆ రోజు గడియారం పని పక్కన పెట్టి ముప్పై రెండూ బయటికి తీశాను. తనకు చిన్నప్పుడు వాళ్ల బాపు అలాంటిదే కొనిచ్చాడని, ఇంట్లో ఇంకా ఉందని చెప్పి వెళ్లాడు.

ఆ తర్వాత నాలుగేళ్లు ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఫోను. ఆరోగ్యాలు, ఇంటి సంగతులు ఏవీ లేవు. "అన్నా, కీ ఎడమ దిక్కున్నదొకటి దొరికింది, చూస్తవా?" "తమ్మీ, బుడిపె గోకి చూడు, ఇత్తడో పూతో తెలుస్తది." అంతే. అందులోనే గంట గడిచేది. తను కూడా అక్కడా ఇక్కడా వెతికి ఐదారు పోగేశాడు. నా ఇంజన్లన్నింటికీ మెత్తటి గుడ్డతో, నాడా వేసి సంచులు కుట్టి తెచ్చాడు. లెక్క పెడితే ముప్పై మూడు. ఒకటి ఎక్కువైంది కదా అంటే, "రాబోయేదానికి అన్నా" అన్నాడు.

ఒకసారి వాళ్ల బాపు కొనిచ్చిన ఇంజనును బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. చిన్నపిల్లవాడిని దవాఖానకు తెచ్చినంత భద్రంగా తెచ్చాడు. నేను కంటికి భూతద్దం పెట్టుకుని తిప్పి చూశాను. ఇత్తడి బుడిపె ఉంది, కిటికీలో మనిషి ఉన్నాడు. మొదటి దఫాదే. కానీ చక్రాలు నల్లగా ఉన్నాయి. ఇరుసు కొసలు సుత్తితో కొట్టి అణిచినట్టున్నాయి.

"చక్రాలు మార్చిండ్రు తమ్మీ," అన్నాను. "అదే కంపెనీ లారీ బొమ్మవి ఏసిండ్రు. ఇది పాతది, మరమ్మతు చేసి అమ్మింది."

"లేదన్నా. నాకు బుద్ధి తెలిసినకాడికెల్లి నల్లయే. మా బాపు కొత్తదే కొన్న అన్నడు. డబ్బ గుడ నాకు యాదికున్నది."

"నీకు యాదుంటే అయితదా? ఇరుసు చెప్తాంది గదా!"

ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది. ఎంత పొగరు! పైగా మంచిపని చేస్తున్నానన్న ధీమా కూడా ఉంది. నా దగ్గర విరిగిన ఇంజను నుంచి తీసిన ఎర్ర చక్రాలు ఉన్నాయి. అక్కడికక్కడే ఆకురాయితో ఇరుసు కొసలు రాసి, నల్లవి ఊడబీకి, ఎర్రవి ఎక్కించాను. "ఇగో, ఇప్పుడు అసలుదయింది," అని చేతిలో పెట్టాను. తను దాన్ని తన సంచిలో పెట్టుకుని బస్సుకు వెళ్లిపోయాడు. నల్ల చక్రాలు నాలుగూ నా చిల్లర సామాను డబ్బాలో పడ్డాయి. ముక్క కూడా పారేయని అలవాటు మా పనివాళ్లది.

ఆ ఆదివారం ఫోను రాలేదు. దసరా గిరాకీలో ఉన్నాడేమో అనుకున్నాను. దసరా పోయింది, దీపావళి పోయింది. నేనెందుకు చేయాలి, తనకే లేనిది నాకెందుకు అని భీష్మించుకుని కూర్చున్నాను. చలికాలం సగమయ్యాక ఇక ఉండబట్టలేక చేశాను.

"చెప్పండి సార్," అన్నాడు.

సార్! నాలుగేళ్లు అన్నా అన్న నోరు. ఊరికే చేశానన్నాను. "పనిల ఉన్న సార్, మళ్ల మాట్లాడత," అని పెట్టేశాడు. మళ్లీ మాట్లాడలేదు. దాదాపు రెండేళ్లు ఆదివారం మధ్యాహ్నాలు ఫోను ముందు పెట్టుకుని అన్నం తిన్నాను.

మొన్న ఎండాకాలం మా వీధి చివర పాత గాజుల దుకాణం ఖాళీ చేస్తున్నారు. ఒకప్పుడు అందులో బొమ్మలు కూడా అమ్మేవాళ్లు. నడిపే ఆమెను అందరం ఆపా అంటాం. నా పిచ్చి ఆమెకు తెలుసు. "భాయ్, అటక మీద నీ రైలు డబ్బొకటి దొరికింది. జర ఎవ్వలు ముట్టకముందే తీస్కపో," అని కబురు పంపింది.

అట్టపెట్టె. మూతకు కంపెనీ కాగితం చీటీ అంటించినట్టే ఉంది, ఎవరూ చింపలేదు. తెచ్చి, బల్ల మీద పెట్టి, బ్లేడుతో చీటీ కోశాను. ఇత్తడి బుడిపె. కిటికీలో మనిషి. నల్ల చక్రాలు. ఇరుసు కొసలు సుత్తితో కొట్టి అణిచి ఉన్నాయి.

చాలాసేపు భూతద్దం తీయలేదు. అదేమన్నా మారుతుందా! ఎర్ర చక్రాలు అయిపోయిన రోజు ఫ్యాక్టరీలో ఎవరో లారీ చక్రాలు తీసి, సరిగ్గా కూర్చోకపోతే చేత్తో కొట్టి బిగించి ఉంటారు. అంతే. తమ్ముడికి యాదికున్నదే నిజం. నేనే ఆ నిజాన్ని ఆకురాయి పెట్టి అరగదీశాను.

మర్నాడు దుకాణం తెరవలేదు. చిల్లర సామాను డబ్బా మొత్తం పాత పేపరు మీద కుమ్మరించి నాలుగు నల్ల చక్రాలూ ఏరాను. కొత్తగా దొరికిన ఇంజనును ఆ ముప్పై మూడో సంచిలో పెట్టి, పనిముట్లు జేబులో వేసుకుని నర్సంపేట బస్సెక్కాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. తప్పు నాదేనని చెప్పాలి, మళ్లీ ఒక్కసారి అన్నా అనిపించుకోవాలి. ఈ వయసులో ఏమిటీ ఆశ అనుకుంటే సిగ్గేసింది కూడా.

తను మిషను మీద ఉన్నాడు. "రండ్రి సార్, కూసోండ్రి," అని స్టూలు జరిపాడు. టీ చెప్పాడు. నేను సంచి ముడి విప్పి ఇంజను బల్ల మీద పెట్టాను. భూతద్దం ఇవ్వబోతే తీసుకోలేదు. బొటనవేలితో చక్రం తడిమాడు.

"సీలు తియ్యని డబ్బలదేనా?"

"నిన్న నేనే తీసిన. తప్పు నాదే తమ్మీ. నువ్వు చెప్పిందే నిజం."

తను చాలాసేపు చక్రం మీంచి వేలు తీయలేదు.

"ఆ దినం ఇంటికి పోయి మా బాపును అడిగిన సార్," అన్నాడు. "పాతది కొని కొత్తదని ఎందుకు చెప్పినవే అని అడిగిన. జర గట్టిగనే అడిగిన. ఆయన ఎర్ర చక్రాలు చూసుకుంట కూసున్నడు. 'దుకాణపోడు మోసం జేసినట్టున్నడు బిడ్డా, నాకు తెల్వలే' అన్నడు. ఆ చలికాలంలనే పోయిండు."

నేను ఫోను చేసింది ఆ చలికాలంలోనే. ఏమని చెప్పాలి? ఆ పెద్దాయన కోసం ఈ ఇంజను పట్టుకుని ఎక్కడికి పోవాలి?

"మీదేం లేదు సార్. నేను మా బాపు మాట ఇడిసిపెట్టి మీ అద్దం మాట నమ్మిన."

కొత్త ఇంజను తన దగ్గరే ఉంచుకొమ్మన్నాను. తల అడ్డంగా ఊపాడు. "ఇది మా బాపు కొన్నది కాదు గదా," అన్నాడు. పోనీ నీ చక్రాలు తెచ్చాను, ఎక్కించి పోతానన్నాను. లోపలికెళ్లి తన ఇంజను తెచ్చాడు.

గుడ్డముక్కలు పక్కకు జరిపి ఆ బల్ల మీదే కూర్చున్నాను. ఎర్ర చక్రాలు ఊడదీసి, నల్లవి ఎక్కించి, కొసలు కొట్టి బిగించాను. కీ ఇస్తే ఇంజను బల్ల మీద జానెడు దూరం నడిచి, ఒక జాకెట్టు ముక్కకు తగిలి ఆగింది.

తను చేతిలోకి తీసుకుని ఇరుసు కొసలు వెలుతురుకు పెట్టి చూశాడు. నా ఆకురాయి గీతలు మామూలు కంటికే కనిపిస్తున్నాయి.

"ఇప్పుడు తెలిసినోళ్లు ఎవలన్న చూస్తె ఏమంటరు సార్?"

అబద్ధం చెప్దామనుకున్నాను.

"చక్రాలు మార్చిండ్రంటరు," అన్నాను.

తను తలూపాడు. తన ఇంజనును సంచిలో పెట్టి నాడా లాగి, నా ఖాళీ టీ గ్లాసు తీసి పక్కన పెట్టి, మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు. నేను కొత్త ఇంజను తీసుకుని లేచి గడప దాటుతుంటే మిషను చప్పుడు ఒక్క క్షణం ఆగింది. నేనూ ఆగాను.

"పైలంగ పోండ్రి సార్," అన్నాడు.