గుండె నెమ్మదించేదాకా

పత్రికలో ముప్పై ఏళ్లు డెస్కు పని చేశాను. 'అశ్వవేగంతో అభివృద్ధి' అన్న శీర్షిక ఎన్నిసార్లు పెట్టానో నాకే గుర్తు లేదు. గుర్రం అసలు ఎంత నెమ్మదిగా నడుస్తుందో మాత్రం కరోనా కాలంలో, స్టుట్‌గార్ట్ దగ్గర మా అమ్మాయి ఉండే ఊళ్లో తెలిసింది. నేనూ మా ఆవిడా చూసిపోదామని వచ్చి, విమానాలు ఆగిపోయి, చలికాలం కూడా అక్కడే గడిపాం.

ఊరి చివర లాయంలో ఒక ఎర్రటి ఆడగుర్రం ఉంది. దాని యజమానురాలు రిటైరైన టీచరమ్మ. అక్కడ ఒక పద్ధతి ఉంది. గుర్రం ఒకరిదైనా, నెలకింత అని ఇచ్చి వారంలో కొన్ని రోజులు ఇంకొకరు స్వారీ చేసుకోవచ్చు. పేడ ఎత్తే భాగ్యం కూడా అందులోనే కలిసి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అమ్మాయి అలా చేరింది. వేసవిలో నలభై కిలోమీటర్ల దూరస్వారీ పోటీకి ఆ గుర్రంతో వెళ్లాలని ఆమె కోరిక. పంపడమా మానడమా అన్నది టీచరమ్మ ఇష్టం.

ఆ పోటీలో ముందొచ్చినంత మాత్రాన సరిపోదు. ఆగాక ఇరవై నిమిషాల్లోగా గుర్రం గుండె నిమిషానికి అరవై నాలుగుకు దిగాలి. లేకపోతే ఇంటికే. మన రాజకీయాల్లోనూ ఇలాంటి నిబంధన ఒకటుంటే బాగుండేదనిపించింది.

చలికాలమంతా తిని నిలబడ్డ గుర్రానికి పొట్ట వచ్చింది, ఒళ్లంతా బొచ్చు పెరిగింది. బొచ్చు సంగతి తప్పిస్తే మా పరిస్థితీ అదే. కొన్ని వారాలపాటు నడకే నడక అని టీచరమ్మ తేల్చేసింది. ఊపిరి త్వరగానే కుదురుకుంటుందట, కాళ్లలో స్నాయువులు గట్టిపడటానికే నెలలు పడుతుందట. రెండు వారాలకోసారి ఏదో ఒకటి రిలీజ్ చేసే మా అమ్మాయికి ఇది మింగుడుపడలేదు. అయినా కళ్లెం పట్టుకుని పక్కన నడిచింది. ముందు టీచరమ్మ, వెనక మేమిద్దరం. ఒక ఇంటివాళ్లు, బయటివాళ్లు ఒకరు కలవవచ్చని అప్పటి నియమం. మా ఊరేగింపు దానికి సరిగ్గా సరిపోయింది. గుర్రాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

మా ఆవిడకు మాత్రం ఒకటే అసంతృప్తి.

"గుర్రమన్నంక ఉలవలు పెట్టకపోతె ఎట్లనే? ఉత్త గడ్డితోని ఉరుకుతదా?"

"అమ్మా, దానికి ఫుట్టర్ ప్లాన్ ఉంది, మేతంతా లెక్క ప్రకారమే. నువ్వు మధ్యలో దూరకు," అంది అమ్మాయి.

ఆవిడ దూరింది. ఇండియన్ షాపులో ఉలవలు కొని, ఉడకబెట్టి, స్టీలు డబ్బాలో పట్టుకెళ్లింది. టీచరమ్మ వాసన చూసి, ఒక గింజ నోట్లో వేసుకుని, పని అయ్యాక గుప్పెడు పెట్టవచ్చని ఒప్పుకుంది. ఇంకేం, గింజలు గుర్రానికి, ఉడికిన నీళ్లు చారుగా మాకు. ఆ వసంతమంతా మా ఇంట్లో గుర్రం మెనూ ప్రకారమే వంట.

ఏప్రిల్ చివర్లో టీచరమ్మ పరీక్ష పెట్టింది. గుట్ట ఎక్కి దిగి రావాలి, తర్వాత గుండె చూస్తుంది. ఎక్కువుంటే ఈ ఏడాదికి పోటీ మాట మరిచిపోవచ్చు. అమ్మాయి చెమటలు కక్కుతూ తిరిగొచ్చింది. గుర్రం కులాసాగా ఉంది. టీచరమ్మ దాని ముందుకాలి వెనక స్టెతస్కోపు పెట్టి తల అడ్డంగా ఊపింది. కాసేపాగి చూసింది. దిగలేదు. పని ఎక్కువైందేమోనని టీచరమ్మ గొణిగింది.

గుర్రం చెవులు రెండూ మా ఆవిడ వైపే తిరిగి ఉండటం అప్పుడు చూశాను. ఆవిడ కంగారులో డబ్బా మూత తీస్తోంది, పెడుతోంది. తీసినప్పుడల్లా చప్పుడు.

"అమ్మా, ఆ డబ్బా తీస్కొని దూరం పో, ప్లీజ్."

"నన్ను జూస్తె దాని గుండె గొట్టుకుంటదా?" అని ఆవిడ నొచ్చుకుంటూనే లాయం వెనక్కి వెళ్లింది. పెళ్లయి ఇన్నేళ్లలో ఆవిడను చూసి ఎవరి గుండైనా అంతగా కొట్టుకోవడం నాకు గుర్తు లేదు.

కొద్దిసేపట్లో గుండె దిగింది. టీచరమ్మ సరేనంది.

పోటీకి అనుమతి జూన్‌లో వచ్చింది. ఒక్కో రౌతుకు ఒక్కరే సహాయకులు, ప్రేక్షకులకు ప్రవేశం లేదు. టీచరమ్మ తన చోటు మా ఆవిడకు ఇచ్చేసింది. గమ్యం చేరాక అలసిన గుర్రం మేత ముట్టకపోతే కష్టమట, ఈవిడ డబ్బా చూస్తే తప్పక తింటుందట. కాకపోతే గుండె పరీక్షలో నెగ్గేదాకా డబ్బా కారు డిక్కీలోనే ఉండాలని షరతు. బతుకంతా ఒకరు చూసొచ్చినదాన్ని దిద్దడమే వృత్తిగా ఉన్నవాణ్ణి, ప్రేక్షకుల లెక్కలో ఇంట్లో మిగిలాను.

పోటీ రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"తిన్నదయ్యా," అంది ఆవిడ.

"పోటీ ఏమైంది?"

"మొత్తం తిన్నది. డబ్బ గూడ నాకింది."

"అది సరే, పాసైందా లేదా?"

"పాసు గాకముందే పెట్టనిస్తరా? ఏం పేపరోనివయ్యా నువ్వు," అంది.