తప్పు గడిలో రాసిన కషాయం

జూలై మొదటి మంగళవారం, ఉదయం 6.40. ముఖం కడుక్కుని వచ్చిన నా భార్య సుభద్ర కళ్ళు పచ్చగా కనిపించాయి. అంతకు ముందు తొమ్మిది రోజులుగా ఆమె అన్నం సగం వదిలేస్తున్నట్టు నా పుస్తకంలో ఉంది. కాలువల శాఖలో ముప్పై నాలుగేళ్ళు నీటిమట్టాలు నమోదు చేసినవాణ్ణి. ఇంట్లోనూ మందులకు ఒక గడి, ఆహారానికి ఒక గడి గీసి రాయడం నా అలవాటు.

భవానీపురం నుంచి ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాం. రక్తపరీక్షలో కామెర్ల అంకె బిలిరుబిన్ 9.2, ఒకటి దాటకూడదట; ఎస్‌జీపీటీ 1,140, లివర్ బాగుంటే నలభై లోపు ఉండాలట. కామెర్లు తెచ్చే వైరస్‌ల పరీక్షలన్నీ నెగటివ్.

"ఇంకేమైనా మందులు వాడుతున్నారాండీ?" అని డాక్టరు గారు అడిగారు. మందుల గడి చూసి, బీపీ మాత్ర తప్ప ఏవీ లేవన్నాను.

పద్దెనిమిదో రోజుకు బిలిరుబిన్ 14.6. ఆమెను చేర్చుకుని, లివర్ బయాప్సీ రాస్తూ డాక్టరు గారు మళ్ళీ అదే ప్రశ్న వేశారు. మంచం మీది నుంచి సుభద్ర అంది: "ఏవండీ, ఆ తిప్పతీగ కషాయం సంగతి చెప్పారా? చేదు, వద్దంటే వినకుండా కొలిచి మరీ పట్టారుగా."

ఇమ్యూనిటీ పెరుగుతుందని నేనే మరిగించి, రోజుకు 30 మి.లీ. చొప్పున అరవై రెండు రోజులు ఇచ్చాను. అందులో చివరి పద్దెనిమిది రోజులు, కళ్ళు పచ్చబడిన తరువాతవి. కషాయం ఆహారం గడిలో ఉంది.

రక్తపరీక్షల్లో ఏఎన్ఏ పాజిటివ్, ఐజీజీ బాగా ఎక్కువ; బయాప్సీ కూడా అదే చెప్పింది. ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అన్నారు. డాక్టరు గారు కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నారు.

"సొంత ఒంటినే కొట్టే కణాలు అందరిలోనూ పుడతాయండీ. చాలావాటిని ఒళ్ళే ముందుగా ఏరేస్తుంది. తప్పించుకున్నవాటిని టీ-రెగ్స్ అనే కణాలు అదుపులో పెడతాయి. అమ్మగారికి ఆ అదుపు తప్పి, అవి లివర్ మీద పడ్డాయి. కషాయం వల్లే అని రుజువు చేయలేను. ఇలాంటి కేసులు మాత్రం ఉన్నాయి. మొదటి రోజే చెప్పి ఉంటే ఆపించేవాణ్ణి."

ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌తో పదకొండు వారాల్లో అంకెలు దిగాయి. డోసు తగ్గించగానే మళ్ళీ ఎక్కాయి. ఇమ్యూనిటీని తగ్గించే అజాథయోప్రిన్ కలిపారు. ఇప్పుడు ఎస్‌జీపీటీ 38. కానీ ఫైబ్రోస్కాన్‌లో లివర్ గట్టిపడినట్టు తేలింది. అంతా మునుపటిలా అవుతుందని ఆశ పెట్టుకోవద్దన్నారు.

స్టెరాయిడ్ వల్ల సుభద్ర ముఖం ఉబ్బింది. అద్దం చూసుకోవడం మానేసింది. రోజూ ఎనిమిదింటికి మాత్రలు అందిస్తాను. అవేమిటో అడగదు. "మీరిస్తే మింగటమేగా," అంటుంది.

చదివేవారికి ఒక్కటే చెప్పగలను. కషాయం కానివ్వండి, పొడి కానివ్వండి, నోట్లోకి వెళ్ళే ప్రతిదాన్నీ ఒకే గడిలో రాయండి. డాక్టరు అడిగినప్పుడు ఆ కాగితాన్ని మీరు చదివి చెప్పకండి. ఆయన చేతికే ఇవ్వండి.