పై అంతస్తు మీటరు

మొన్న మా షాపు మీటరు మార్చడానికి కరెంటాఫీసు కుర్రాడు వచ్చాడు. పాతది ఊడబీకి కొత్తది బిగించి, "చూడు సార్, దీంట్లో చక్రం ఉండదు, అంతా లైట్లే" అని ఎర్రగా మినుకుమనే చుక్కను చూపించాడు. రాయచోటిలో ఇన్నేళ్లుగా వైరింగు పనులు చేయిస్తున్న నాకే పాఠం చెబుతున్నాడు వాడు! మామూలుగానైతే ఒకటి తగిలించేవాణ్ణే. కానీ నా చూపు వాడి చంకలోని పాత మీటరు మీద, ఆ గాజు వెనక ఆగిపోయిన చక్రం మీద ఉంది. అలాంటి చక్రాన్ని ఒకసారి కువైట్‌లో నా చేత్తో నేనే ఆపాను. కరెంటు పనిలో నేను సొంతంగా చేసిన మొదటి పని అదే.

నాకు ఇరవయ్యేళ్లప్పుడు నన్ను కువైట్‌కు తీసుకుపోయింది మా చిన్నాయన. కువైట్ సిటీలో, మిర్కాబ్ అనే పేటలో ఒక ఎలక్ట్రికల్ షాపులో ఆయన మిస్త్రీ. "నెల తిరిగేలోగా మిస్త్రీని చేసి పెడతా" అని మా నాయన దగ్గర మీసం తిప్పి, నన్ను తీసుకుపోయి నెలల తరబడి నిచ్చెన పట్టించాడు. కింద పడిన స్క్రూలు ఏరాలి, టీ తేవాలి, టెస్టరు అడిగితే అందించాలి. వైరు ముట్టుకుంటే స్క్రూడ్రైవరు పిడితో వేళ్ల మీద ఒక్కటి పడేది. "గమ్మున పట్టుకోరా నిచ్చెన! నీకేమొచ్చని తీగల్లో చెయ్యి పెడతాండావ్?" అనేవాడు. ఏమీ రాదనే కదా నేర్పమన్నది! పనికి పోయేముందు మాత్రం అద్దం ముందు తలకు కొబ్బరినూనె పట్టించి పెళ్లికొడుకులా తయారయ్యేవాడు. ఆ నూనె వాసన, కాలిన రబ్బరు వాసన కలిసి ఆయన కంటే ముందు గదిలోకి వచ్చేవి. వీడెవరని ఎవరడిగినా "హెల్పర్" అనేవాడు. అన్న కొడుకని కాదు, హెల్పర్. ఆ మాట ఆయన పలికే తీరుకు నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఇంతలో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. షాపు దోచేశారు. మాకు వీసా ఇచ్చి, మా పాస్‌పోర్టులు తన దగ్గర పెట్టుకున్న యజమాని, కఫీల్ అంటారు, సౌదీకి పారిపోయాడు. అంతకుముందు వైరింగు చేసిన ఒక విల్లాలో డ్రైవరు గది ఖాళీగా ఉంటే అక్కడ తల దాచుకున్నాం. ఆ ఇంటి యజమానురాలు పెద్దావిడ. అక్కడి అలవాటు ప్రకారం మేమూ ఆమెను మామా అనే పిలిచేవాళ్లం, అమ్మా అని. తిండి పెట్టేది, దాంతోపాటు తిట్లూ పెట్టేది. నీళ్లు ఎక్కువ వాడినా హిమార్, తక్కువ వాడి కంపు కొట్టినా హిమార్. గాడిద అన్నమాట. ఆమెకు ఒక్కడే కొడుకు, పోలీసు ఉద్యోగి. సైనికులు అలాంటివాళ్ల కోసమే ఇల్లిల్లూ వెతుకుతుంటే, ఆమె కొడుకును పై అంతస్తులో దాచి, బయట తాళం వేసి, అడిగినవాళ్లకల్లా పైన ఎవరూ లేరని చెప్పేది.

చిక్కల్లా మీటరుతో వచ్చింది. పై అంతస్తు కొడుకు పెళ్లికని కట్టించినది, దాని మీటరు వేరు. మెట్ల కింద పెట్టెలో రెండు మీటర్లూ పక్కపక్కనే ఉండేవి. పైన ఆ కుర్రాడు ఏసీ వేసుకుని పడుకుంటే, ఖాళీ అని చెప్పిన ఇంటి చక్రం గిరగిరా తిరిగేది. వెనక వీధిలో ఒక తాళం వేసిన ఇంట్లో అలా తిరిగే చక్రాన్ని చూసే తలుపు పగలగొట్టి మనిషిని ఈడ్చుకుపోయారని వాచ్‌మన్ చెప్పాడు. చిన్నాయన వెంటనే మామా దగ్గరికి పోయి, ఒక పూట కరెంటు ఆపితే పైలైను కింది మీటరుకు కలిపేస్తానన్నాడు. ఆమె ఒప్పుకుంటేనా! "కరెంటు ఆపి, ఏసీలు విప్పుకుని పారిపోతారు, దొంగల్లారా" అని ఇంతెత్తున లేచింది. చిన్నాయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. "సావనీ. మనకేమి?" అని గదిలోకొచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే పక్కింటి గేటు మీద తుపాకీ మడమలు మోగాయి. తర్వాత మాదే. చిన్నాయన వైపు చూశాను, కదల్లేదు. పరిగెత్తిపోయి పెట్టె తెరిచి, పై అంతస్తు ఫ్యూజును పింగాణీ కప్పుతో సహా పీకి చొక్కా జేబులో వేసుకున్నాను. చక్రం ఆగింది. పైన ఏసీ మోత ఆగడం విని మామా వచ్చి నా చెంప ఛెళ్లుమనిపించింది. రెండోది పడేలోగా గేటు తెరుచుకుంది.

ఆఫీసరు నేరుగా మీటరు పెట్టె దగ్గరికే వచ్చాడు. ఆగిన చక్రాన్ని చూశాడు. తర్వాత ఫ్యూజు ఉండాల్సిన చోట ఖాళీని చూశాడు. చుట్టూ దుమ్ము, అక్కడ మాత్రం శుభ్రం. అప్పుడే పీకారని చంటిపిల్లాడికైనా తెలుస్తుంది. "కహ్రబాయీ ఎవరు?" అన్నాడు. ఎలక్ట్రీషియన్ ఎవరని. నేను ఒక అడుగు ముందుకు వేశాను. వెనకనుంచి చిన్నాయన బనియన్ మీదే వచ్చి, మెడ పట్టి నన్ను పక్కకు తోసి, "మిస్త్రీని నేను. వీడు హెల్పర్, వీడికేమీ తెలీదు" అని అరబ్బీలో అన్నాడు. నా జేబులోంచి ఫ్యూజు తీసి చూపించి, పైన ఖాళీ కదా అని తానే పీకి నాకిచ్చానన్నాడు.

ఆఫీసరు నవ్వాడు. మాకూ మిస్త్రీలు కావాలి, యల్లా, నడువు అన్నాడు. పైకి ఎవరూ పోలేదు. చిన్నాయన ఫ్యూజు నా చేతిలో కుక్కుతూ, వాళ్లకు అర్థం కాకుండా తెలుగులో తిట్టాడు. "లోపల తీగ పీకి, కప్పు మళ్లీ పెట్టాల్రా గాడిదా! ఖాళీగా వదిలిపెడతారా యాడన్నా?" ఆయన నాకు నేర్పిన పని అదొక్కటే.

చిన్నాయనను ఎక్కించుకున్న జీపు సందు మలుపు తిరిగిందో లేదో, పిల్లాడికి చెమటలు పోస్తున్నాయి, కరెంటు ఇవ్వమంది మామా. నేను ఫ్యూజులో తీగ పీకేసి, కప్పు యథాస్థానంలో పెట్టి, "ఖలాస్" అన్నాను. అరిచింది, అరవనిచ్చాను. ఆమె కొడుకు ఆ ఉక్కలోనే ఉన్నాడు, దొరకలేదు. చిన్నాయన మాత్రం తిరిగి రాలేదు. రోజూ గేటు దగ్గర కూర్చుని చూశాను. చివరికి మన ఎంబసీవాళ్లు అమ్మాన్ మీదుగా ఊరికి పంపే జనంతో కలిసి ఒక్కణ్ణే వచ్చేశాను. తర్వాత ఎన్ని చోట్ల అడిగించినా ఆయన జాడ తెలియలేదు.

చిన్నమ్మ గుమ్మంలోనే అడిగింది, పోయేటప్పుడు ఏమన్నాడని. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "తిట్టినాడు చిన్నమ్మా" అన్నాను.

"తిట్టినాడా? అయితే బెదురుకోలేదులే" అంది, కొంగు నోట్లో కుక్కుకుంటూ.

అప్పటిదాకా నేను ఏడవలేదు. నేర్పేదేదో ముందే నేర్పి ఉంటే నేను ఆ గడి ఖాళీగా వదిలేవాణ్ణా, నన్ను కాయాల్సిన పని ఆయనకు పడేదా? ఈ మాట ఆయన్ను నిలబెట్టి అడగాలని ఇప్పటికీ ఉంది. ఆయన వయసు దాటి నాకు చాలా ఏళ్లయింది. ఆయన మీద నా కోపానికి మాత్రం ఇంకా ఇరవయ్యేళ్లే.