నిద్రలో తరుగు

మొన్న మనవరాలి ఈత క్లాసులో ఒక మిషను పెట్టారు. చెప్పులు విప్పి ఎక్కి రెండు పిడులు పట్టుకుంటే చాలు, ఒంట్లో కొవ్వెంతో, కండెంతో, నీరెంతో చీటీ మీద అచ్చేసి ఇస్తుంది. పిల్లకి కట్టిన డబ్బుల్లోనే ఈ ముసలిదాన్నీ ఎక్కించమని బేరం పెట్టాను. కుర్రాడు విసిగిపోయి ఎక్కించాడు. గెలిచానన్న సంతోషం కొవ్వు గడి చూడగానే కరిగిపోయింది, కొవ్వు మాత్రం కరగలేదు. నీటి గడి దగ్గరికొచ్చేసరికి చదవడం ఆపేశాను. తమ్ముడు గుర్తొచ్చాడు.

డెబ్బైల చివర, ఉక్కు ఫ్యాక్టరీ పక్కన హిందీవాళ్ల మధ్య, ఖుర్సీపార్‌లో మాది కిరాణా కొట్టు. ముందు గదిలో వ్యాపారం, వెనక గదిలో కాపురం, మధ్య గోనెపట్టా తెర. నాన్న సరుకు కోసం ఊళ్లు తిరిగేవాడు, కొట్టు నడిపింది నాన్నమ్మ. ఎండుమిరపకాయలాంటి మనిషి. విజయనగరం వైపు నుంచి ఆమె తెచ్చుకున్న శాస్త్రమంతా తరుగు గురించే. బెల్లం తరుగుతుంది, చింతపండు తరుగుతుంది, ఉల్లిపాయ చూస్తుండగానే తరుగుతుంది. తరుగు లెక్క తెలియనివాడు కొట్టు పెట్టకూడదు. అంతవరకూ మంచి మాటే. ఆ లెక్క మా తమ్ముడి మీదికి వస్తుందని ఎవరనుకున్నారు?

ఆ ఏడు పిల్లల ఒంటి కొలతలు రాసుకోవడానికి మా బడికి ఒక డాక్టరమ్మ వచ్చింది. జబ్బు పిల్లల్ని వదిలేసి, బాగున్నవాళ్లనే ఏరింది. అక్కడే నాకు అనుమానం వేసింది. బత్తాయిలు ఏరేవాళ్లు కూడా అలాగే నొక్కి నొక్కి చూస్తారు. ఆరేళ్ల తమ్ముడి జబ్బ మీద పెన్నుతో చుక్క పెట్టి, చల్లటి పట్టకారుతో చర్మం పట్టి కొలిచింది. చిన్న సీసాలో నీళ్లు తాగించింది. చూడటానికి మామూలు నీళ్లే, కానీ బరువైన నీళ్లట. కొన్ని గంటలాగి దూదితో నోట్లోని ఉమ్మి తీసుకుంది. తాగించిన నీరు ఎంత పలచబడిందో చూస్తే ఒంట్లో మొత్తం నీరెంతో తెలుస్తుందట.

ఎండలు ముదిరాక ఫలితం చెప్పడానికి కొట్టుకే వచ్చింది. "మీ మనవడు చాలా ఆరోగ్యంగా ఉన్నాడు మామ్మగారూ. ఒంట్లో సగం కంటే ఎక్కువ నీరే."

నాన్నమ్మ చేతిలో పప్పు పొట్లం ఆగిపోయింది. "ఏటమ్మా, సగం పైన నీల్లా? మా గుంటడేటి, పాలోడి పాలా?"

అందరూ అంతేనని, చెమటలోనూ, నిద్రలో ఊపిరి వదిలినా కొంత నీరు పోతూనే ఉంటుందని, మళ్లీ తాగితే వచ్చేస్తుందని డాక్టరమ్మ నవ్వుతూ చెప్పి వెళ్లిపోయింది. వచ్చేస్తుందన్న మాట మా ఇంట్లో ఎవరికీ ఎక్కలేదు. పోతుందన్నది ఎక్కింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం కొట్టు మూశాక, బెల్లం దిమ్మలు తూచే పెద్ద తక్కెడలో నాన్నమ్మ తమ్ముణ్ని కూర్చోబెట్టింది. తూచి, నిద్రపుచ్చి, లేచాక మళ్లీ తూచింది. వాడి పళ్లెం పైకి లేచింది. అవతలి పళ్లెంలోంచి ఒక చిన్న తూకం రాయి తీసేస్తేగానీ ముల్లు నిలబడలేదు. బయట వడగాలి ఎర్రదుమ్మును తలుపుకేసి రుద్దుతోంది. వీధిలో పిట్ట లేదు. వాడు ఎక్కడికీ వెళ్లలేదు, మా కళ్లముందే పడుకున్నాడు, అయినా కొంచెం లేడు.

దిష్టి తీసింది, తాడు కట్టింది. అయినా రోజూ అంతే తరుగు. "ఈ గదిలో ఎవురో ఉన్నారే. నా గుంటడిని తాగేత్తన్నారు" అంది నాతో, గొంతు తగ్గించి. తాగేవాళ్లకు వేరే దారి చూపిద్దామని వాడి తలగడ పక్కన గ్లాసుడు నీళ్లు పెట్టింది. వాడు లేచేసరికి ఆ గ్లాసులోనూ నీరు తగ్గింది, అంచు కింద సన్నటి తడి గీత వదిలి. అందరం ఆ గీతనే చూశాం. తమ్ముడు కూడా చూశాడు.

అప్పట్నుంచి వాడు నిద్ర మానేశాడు. పగలూ లేదు, రాత్రీ లేదు. ఊపిరి పోతుందని నోరు బిగించి కూర్చునేవాడు. దెబ్బ తగిలినా ఏడ్చేవాడు కాదు, కన్నీళ్లు కూడా నీళ్లేగా. "అక్కా, నేను సూఖిపోతానా? ఎండిన చింతపండులాగా?" అని ఒక్కసారి అడిగాడు. సామాన్లకొచ్చిన పిల్లలు "అరే, పానీవాలా మాల్!" అని, నీళ్లు కలిపిన సరుకని ఎగతాళి చేస్తే వాడు నిజమేనన్నట్టు తలూపాడు. కళ్లు గుంటలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం ఒళ్లు కాలిపోతూ గోడకు ఆనుకుని కిందికి జారిపోయాడు, కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. నేను డాక్టరమ్మ కోసం పరిగెత్తాను.

ఆమె ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు పట్టించింది. తాగాడు, కానీ కన్ను వాల్చలేదు. "ఈ ఎండలో ఇలాగే మెలకువగా ఉంటే పిల్లాడు దక్కడు" అంది మెల్లగా. వాడికి ఎంత నచ్చజెప్పినా వినలేదు. చివరికి నాన్నమ్మ వైపు తిరిగింది. "మీరూ తక్కెడలో కూర్చోండి మామ్మగారూ."

"నన్ను తూచి ఏటి సేత్తావు తల్లీ, ఎవుడు కొంటాడు?" అంటూనే కూర్చుంది. అవతల బియ్యం బస్తా, పైన రాళ్లు. తర్వాత ఆ ఉక్కలో చాప మీద ఒక కునుకు తీసి లేచి, మళ్లీ కూర్చుంది. ఆమె పళ్లెమూ పైకి లేచింది.

తమ్ముడు ఆమె పళ్లెం అంచు పట్టుకున్నాడు. "నువ్వు ఎక్కడికెళ్లావు నాన్నమ్మా?"

నాన్నమ్మ ముల్లు వైపు చూసింది, మూసిన తలుపుల వైపు చూసింది. మా అందరిలో బేరం తెలిసిన మనిషి ఆమే. "ఎక్కడికెల్తాను నాన్నా? ఈ గదిలోనే ఉన్నాను. ఇందాకట్నుంచి నువ్వే పీలుత్తన్నావు నన్ను."

ఆమె దిగి చాప మీద ఒరగ్గానే వాడు పక్కకి పాకి, ఆమె ముఖానికి ముఖం ఆనించి, ఆమె ఊపిరి వదిలినప్పుడల్లా పీలుస్తూ నిద్రపోయాడు. రెండు ఊపిర్లూ ఒకదాని వెనక ఒకటి నడుస్తుంటే, ఆ గదిలో ఎవరు ఎక్కడ అయిపోయి ఎవరు మొదలవుతున్నారో నాకు తెలియలేదు. వాడు నిద్రపోయాడన్న ఆనందం కంటే ముందు నాకు భయమే వేసింది.

ఎనభైల్లో ఒక వేసవి మధ్యాహ్నం ఆ గదిలోనే నాన్నమ్మ పోయింది. అప్పటికి తమ్ముడికి మీసాలొచ్చాయి. వాడు ఏడవలేదు. లేచి కిటికీ మూశాడు, తలుపు గడియ పెట్టాడు, లోపలి గాలి బయటికి పోకుండా సందుల్లో గోనెపట్టాలు కుక్కి మధ్యలో కూర్చుని నెమ్మదిగా, లోతుగా ఊపిరి తీయడం మొదలుపెట్టాడు. బయట జనం తలుపు కొడుతున్నారు. ఎంతసేపని ఆపగలం? గడియ తీసింది నేనే. నాన్నమ్మ పోవడమంటే నాకు ఇప్పటికీ, తలుపు తెరిచిన ఆ క్షణాన లోపలికి దూసుకొచ్చిన వడగాలే.