బ్రేకుల్లో గాలి

నా పెళ్లయిన కొత్తలో మా అత్త నాతో నేరుగా ఒక్క మాట మాట్లాడేది కాదు. అల్లుడు మంచం మీద కూర్చుంటే అత్త తలుపు చాటుకు పోవాలి, చెప్పాల్సింది కూతురి మీదుగా చెప్పాలి. ఆ ఇంటి మర్యాద అది. నేను మూరెడు దూరంలో ఉన్నా సరే, "ఆయనను అన్నానికి రమ్మను బిడ్డా" అనేది. నా భార్య నావైపు తిరిగి, నాకు చెవులు లేనట్టు, "అన్నానికి రమ్మంటుంది" అనేది. ఆకలి లేదని చెప్పమని నేను భార్యతో చెబితే, ఆమె తలుపువైపు తిరిగి ఆకలి లేదట అని చెప్పేది. అయినా అన్నం వచ్చేది.

ఒక పూటకో రెండు పూటలకో అయితే ఇది సరదాగానే ఉండేది. కానీ అవి తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కిన రోజులు. నేను గుమాస్తాగా ఉన్న ఆఫీసు సమ్మెలో ఉంది. బస్సులు డిపో గేటు దాటడం లేదు. ఊరికే చూసిపోదామని సిద్దిపేట వచ్చిన కొత్త అల్లుణ్ణి, అత్తగారింట్లో ఇరుక్కుపోయాను. పొద్దున దీక్షా శిబిరానికి పోయి గొంతు చించుకోవడం, మధ్యాహ్నం ఇంటికొచ్చి తలుపు చాటు నుంచి వచ్చే భోజనం తినడం, ఇదే నా ఉద్యోగం. గొంతు పోయింది, ప్యాంట్లు బిగుతయ్యాయి. నిజం చెప్పాలంటే నా జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ లేను.

అత్తది టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, వంటకు పెద్ద పెద్ద గంజులు, గంటెలు కిరాయికిచ్చేది. వాటిని మోయడానికి ఒక పాత మిలిటరీ లారీ ఉండేది. మామ బతికున్నప్పుడు మిలిటరీ వేలంలో కొన్నాడు. పొడుగాటి ముక్కు, మనిషెత్తు చక్రాలు, ఆకుపచ్చ మీద మళ్లీ మళ్లీ పూసిన ఆకుపచ్చ. సరిహద్దుల్లో ఏం మోసిందో తెలియదు గానీ, సిద్దిపేటలో మాత్రం పెళ్లి వంటల గంజులు మోసేది. దానికి ఏం రోగమొచ్చినా మామ కింద దూరేవాడట, అత్త పైన కూర్చుని పెడల్ తొక్కేదట. మామ పోయాక కింద దూరే పని అత్తకొచ్చింది.

ఆ రోజుల్లోనే లారీ పరువు తీసింది. ఇబ్రహీంపూర్‌లో పెళ్లి అయిపోయాక సామాను ఎక్కించుకోవడానికి పోయి, బ్రేకులు పడక, తను మోసుకొచ్చిన షామియానాలోకి తనే దూరింది. అవతలివైపు బయటికొచ్చి గడ్డివాములో ఆగింది. జనమంతా అప్పగింతల దగ్గర ఉన్నారు కాబట్టి ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. షామియానా నెత్తిన కప్పుకొని గడ్డిలో నిలబడిన లారీని చూసి, ఏడుస్తున్న పెళ్లికూతురు కూడా నవ్విందని చెబుతారు.

నవ్వనిది ఒక్కడే. లారీ నడిపిన మా బావ, నా భార్యకు అన్న. పరువు పోయిందన్న కోపంతో పాత సామాన్ల వ్యాపారిని మాట్లాడేశాడు. సమ్మె అయిపోగానే గ్యాస్ కట్టర్‌తో వచ్చి లారీని ముక్కలు చేసి పట్టుకుపోతారు. అత్త ససేమిరా అంది. ఆ తుక్కు మీద ఆమెకంత ప్రేమ ఏమిటో మాకెవరికీ అర్థం కాలేదు. వారం రోజులు తల్లీకొడుకులు కొట్లాడి చివరికి ఒక మాటకు వచ్చారు. వచ్చే శనివారం హైదరాబాద్ రోడ్డు మీద వంటావార్పు ఉంది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే బంతి కూర్చుని తినే నిరసన. గంజులు, షామియానాలు అత్త ఊరికే ఇస్తోంది.

"బండి ఆడిదాక పోవాలె, ఆగుమన్నకాడ ఆగాలె" అంది అత్త కొడుకుతో. "ఆగకపోతే నువ్వే అమ్ముకో. నేను అడ్డం రాను."

ఇక బ్రేకులు బాగు చేయాలి. మామకు దోస్తయిన ముసలి ఉస్తాద్ ఒకాయన మా లారీకి మెకానిక్. అయితే మేము బ్రేకుల పని పెట్టుకున్న రోజే రిలే నిరాహార దీక్షలో ఆయన వంతు. మెడలో బంతిపూల దండ వేసుకుని, అత్త ఇచ్చిన షామియానా కిందే కూర్చున్నాడు. సాయంత్రం నిమ్మరసం తాగేదాకా కదలడానికి లేదు. రబ్బరు వాషర్లు, ఒక డబ్బా బ్రేకాయిలు మాత్రం ముందే తెచ్చిపెట్టాడు. అత్త శిబిరానికి పోయి అడిగితే, నినాదానికీ నినాదానికీ మధ్య చెప్పాడు: "వాషర్లు నువ్వే ఏస్తవక్కా, నాకెరుకే. ఎయిర్ తీసేటందుకు మాత్రం ఇంకో కాలు కావాలె."

బావ కాలు ఇవ్వనన్నాడు. మిగిలింది నా కాలు.

నాకు సైకిల్ తప్ప ఏదీ తొక్కడం రాదు. అయినా లారీ ఎక్కి కూర్చోగానే ఎక్కడలేని హుషారొచ్చింది. అంత పెద్ద స్టీరింగ్ పట్టుకుంటే ఎవరికైనా తల తిరుగుతుంది. అత్త చీర గోచి పోసి, తలకు తువాలు చుట్టి, అప్పటికే కింద దూరింది. నాకు ఆమె పాదాలు కూడా కనబడవు. చాటున ఉన్నట్టే లెక్క, మర్యాదకు ఏ లోటూ లేదు. నా భార్య ఫుట్‌బోర్డు మీద నిలబడింది, మాటలు మోయడానికి.

ఎయిర్ తీయడమంటే పెద్ద విద్యేమీ కాదు. బ్రేకు పైపుల్లో గాలి ఉంటే పెడల్ మెత్తగా కిందికి జారిపోతుంది, బండి ఆగదు. పైనున్న మనిషి పెడల్‌ని టకటకా కొట్టి, తొక్కి పట్టుకోవాలి. అప్పుడు కిందున్న మనిషి చక్రం దగ్గర చిన్న మరలాంటి నిప్పల్ విప్పితే, ఆయిలుతో పాటు గాలి బుడగలు బయటికొస్తాయి. నిప్పల్ బిగించేదాకా పైనున్న కాలు లేవకూడదు. లేచిందా, పోయిన గాలి మళ్లీ లోపలికొస్తుంది.

"కొట్టమను బిడ్డా" అని కింద నుంచి వచ్చింది. "కొట్టమంటుంది" అంది నా భార్య. కొట్టాను. "పట్టమను" అంది అత్త. ఆ మాట నా భార్యను దాటి నాదాకా వచ్చేసరికి నా కాలు ఇంకోసారి కొట్టడానికి పైకి లేచింది. అప్పటికే కింద అత్త నిప్పల్ విప్పేసింది. బుర్రుమని గాలి లోపలికి దూరింది. మళ్లీ మొదలు. మళ్లీ అదే. మర్యాద చుట్టూ తిరిగి వచ్చే మాట ఎప్పుడూ ఒక తొక్కు ఆలస్యం. ఒక చక్రం వదిలి ఇంకో చక్రానికి పోయినా అంతే. మధ్యాహ్నానికి డబ్బాలో ఆయిలు అడుగంటింది. బంద్‌లో ఏ దుకాణమూ తెరవదు. ఆ కాస్తా పోతే లారీ కట్టర్ పాలే.

అంత గండంలో నా భార్యకు నవ్వొచ్చింది. "పట్ట..." అని మొదలుపెట్టి పూర్తి చేయలేక తలుపు పట్టుకుని ఊగిపోయింది. నాకూ అంటుకుంది. కాలు పెడల్ మీద వణుకుతోంది. అప్పుడు కింద నుంచి లారీ ఇనుమంతా మోగేలా ఒక గొంతు వచ్చింది.

"ఓ అల్లుడా, పట్టు. నేను చెప్పేదాక కాలు లేపినవంటే సూడు."

నా భార్య నవ్వు టక్కున ఆగిపోయింది. నేను ఊపిరి కూడా బిగబట్టాను. కింద ఆయిలు పట్టే సీసాలో బుడబుడమని బుడగల చప్పుడు.

"ఆ, వదులు. కొట్టు. గట్టిగ కొట్టు, అన్నం తింటలేవా?"

"తింటున్న అత్తా. మీరే గదా పెడుతున్నరు" అన్నాను. అది నేను ఆమెతో నేరుగా అన్న మొదటి మాట. కింద నుంచి నవ్వు వినబడింది. ఆ నవ్వు విన్నాక నాకు లారీని కాలితోనే హైదరాబాద్ దాకా తోయగలననిపించింది. కొట్టు, పట్టు, వదులు. పక్క వీధిలో డప్పులు సాధన చేస్తున్నారు, ఆ దెబ్బకూ నా కాలికీ జత కుదిరింది. నాలుగు చక్రాలూ అయ్యేసరికి పెడల్ కాలి కింద రాయిలా గట్టిపడింది. డబ్బాలో ఇంకా మూతెడు ఆయిలు మిగిలింది.

శనివారం బావ లారీ నడిపాడు. పక్కన నేను. వెనక గంజుల మధ్య అత్త, నా భార్య. హైదరాబాద్ రోడ్డు దిగుడులో దూరంగా జెండాలు, జనం, ముందుగా పేర్చిన రాళ్ల పొయ్యిలు కనబడ్డాయి. బావ పళ్లు బిగించి, పొయ్యిలు ఇంకా చాలా దూరం ఉండగానే బ్రేకు తొక్కాడు. లారీ ఎంత గట్టిగా ఆగిందంటే, వెనక గంజులన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుని గుడి గంటల్లా మోగాయి. నా నుదురు అద్దానికి తగిలింది. జనం ఈలలు వేశారు.

పొయ్యిల దాకా పోనిద్దామని బావ గేరు వేశాడు. లారీ మూలిగింది గానీ కదల్లేదు. బ్రేకులు పట్టేశాయి, వదలడం లేదు. రోడ్డుకు నట్టనడుమ పొడుగు ముక్కుతో అడ్డంగా కూర్చుంది. జీపులో పోలీసాయన వచ్చి పక్కకు తీయమన్నాడు. తీయగలిగితే తీసేవాళ్లమే అన్నాడు బావ. పోలీసాయన వంగి కిందికి చూశాడు, టైరును బూటుతో తన్నాడు, టోపీ తీసి తల గోక్కున్నాడు. ఈలోగా జనమే పొయ్యి రాళ్లు మోసుకుంటూ లారీ దగ్గరికి వచ్చేశారు. ఇక వంటావార్పు మా లారీ చుట్టే. పులిహోర, పప్పు, వంకాయ కూర. డప్పులు మోగుతుంటే, పెళ్లి బరాత్‌లోనే ఆడని నేను చేతిలో గంటెతో ఆడాను. పోలీసాయన చెట్టు కింద నిలబడి రెండుసార్లు పులిహోర పెట్టించుకున్నాడు. ఇబ్రహీంపూర్ తర్వాత మొదటిసారి బావ నవ్వాడు. నవ్వుతూనే ఫోన్ తీసి, పాత సామాన్ల వ్యాపారికి రావద్దని చెప్పాడు.

అందరూ తిన్నాక అత్త కింద దూరి, ఒక్క నిప్పల్ కొంచెం వదులు చేసింది. తుస్సుమని ఆయిలు చిమ్మి చక్రాలు వదిలాయి. ఇంత సులువని ఆమెకు పొద్దుటి నుంచీ తెలుసు.

ఇంటికొచ్చాక నేను కాళ్లు కడుక్కుంటుంటే తలుపు చాటు నుంచి వినబడింది: "ఆయనను ఛాయ్ తాగమను బిడ్డా." నా మనసు చిన్నబోయింది.

సమ్మె అయిపోయి నేను ఉద్యోగంలో చేరాక, తర్వాతిసారి మేము సిద్దిపేట వచ్చినప్పుడు, సామాను కింద పెట్టీ పెట్టకముందే అత్త తలుపు చాటు నుంచి కబురు పంపింది. బ్రేకుల్లో గాలి చొరబడ్డట్టుందట, ఆయనను జెర రమ్మను. పోయి లారీ ఎక్కాను. ఈసారి మాటలు మోయడానికి కూతురిని రావద్దని, అత్త అప్పటికే కింద దూరింది. పెడల్ తొక్కితే రాయి తొక్కినట్టే ఉంది.

"ఎయిర్ ఏం లేదత్తా" అన్నాను.

కింద పానా నేల మీద పెట్టిన చప్పుడైంది.

"నాకెరుకే. మీ మామున్నప్పుడు సుత ఎన్నడు లేకుండె. ఇల్లు నిండ మందే, ఆయనతోని ముచ్చట వెట్ట జాగ లేకుండె. ఆయన గీడ కింద, నేను గాడ పైన. గిట్లనే మాట్లాడుకుంటుంటిమి."

పెడల్ మీద నా కాలు వదులైంది.

"సరే, కాలు తియ్యకు, ఇంట్లోల్లు సూస్తరు" అంది అత్త. "నా బిడ్డకు నీకు ఏందో పంచాదైందట గదా. ఏమైందో చెప్పు."

నేను పెడల్ తొక్కి పట్టుకునే, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాను.