దోర కాయల లోడు

నేను బడి మానేసిన సంవత్సరమే మా బడికి మండలంలో మంచి బడి అని బహుమతి వచ్చింది. ఆ రెంటికీ సంబంధం లేదని మా అయ్యవారు చివరిదాకా చెప్పేవారు గానీ, చెప్పేటప్పుడు నా మొహం వైపు చూసేవారు కాదు.

ఏడో తరగతితో చదువు అయిపోయింది. మరుసటి వారం మదనపల్లె మండీలో టమోటాల కుప్ప ముందు కూర్చున్నాను. ఇప్పటికి ముప్పై ఏళ్ళు దాటింది. కాయలు ఏరడం, క్రేట్లలో పేర్చడం నా పని. కాయను అరచేతిలోకి తీసుకుంటే చాలు, ఇది ఢిల్లీ దాకా పోతుందా, చెన్నైతో ఆగిపోతుందా, ఊరి సంతకు తప్ప పనికిరాదా అని చేయే చెప్పేస్తుంది. దూరం పోవలసిన కాయ దోరగా ఉండాలి. అడుగున కొంచెం ఎరుపు తిరిగి, మిగతాదంతా పచ్చగా, గట్టిగా ఉండాలి. లారీలో రెండు మూడు రోజులు ఊగుతూ పోయి, దిగేసరికి మాగాలి. చెట్టు మీదే ఎర్రబడిన కాయ మా లెక్కలో కాయే కాదు. అలాంటివి మండీకి తెచ్చిన రైతు కనబడితే మాకు ఆ పూట సినిమా చూసినట్టే. "ఏమప్పా, ఇంగా కష్టమెందుకు? ఇంట్లోనే రసం కాంచి చెంబులో తేకపోయినావా?" అని ఎంతమందిని ఏడిపించానో నాకే గుర్తులేదు. వాళ్ళలో కొందరు నవ్వేవాళ్ళు. కొందరు నవ్వకుండా కాయలు ఎత్తుకుని పోయేవాళ్ళు. అప్పుడు వాళ్ళు పోతున్న వైపు చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాను.

మా అమ్మా నాన్నా వేరేవాళ్ళ టమోటా తోటల్లో కూలికి పోయినవాళ్ళు. మా అక్క చిన్న వయసులోనే మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేరి, రిటైరయ్యేదాకా అక్కడే పనిచేసింది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో నిమ్మనపల్లె దగ్గర ఎకరన్నర కొనింది. మా ఇంట్లో సొంత చేను అనేది అదే మొదలు. పాసుపుస్తకం చేతికొచ్చిన రోజు మా అక్క చెప్పులు విప్పి చేలోకి దిగింది. ప్రార్థన చేస్తుందేమోనని నేను కూడా తల వంచాను. ఆమె వంగి గుప్పెడు మన్ను తీసి వాసన చూసింది.

"ఇన్నేండ్లూ దీన్ని ఎవరి కోసరమో తవ్వినాం గదరా" అంది.

మొదటి పంట టమోటా పెట్టింది. పంట బాగా వచ్చింది. కాయల సంగతి మా ఇంట్లో నాకంటే తెలిసినవాడు లేడు కాబట్టి అమ్మకం బాధ్యత నాకు ఇచ్చింది. "ఇది నాకు మొదటి పంట. పారబొయ్యకుండా ఒక దారి చూడు, అంతే" అని ఒకే మాట అడిగింది. లాభం కూడా అడగలేదు.

సరిగ్గా అప్పుడే ధర పడిపోయింది. ధర పడడమంటే మాకు కొత్త కాదు. కానీ ఈసారి కోత కూలి కూడా రాని ధర. సదుం వైపు నుంచి వచ్చే దారిలో రోడ్డు పక్కన ఎర్రగా కుప్పలు కుప్పలు. ఆవులు కూడా వాసన చూసి పక్కకు పోతున్నాయి. వాటికీ మొహం మొత్తింది.

ఆ వారమే పుంగనూరులో రైతులకు ఒక మీటింగు పెట్టారు. తెల్లచొక్కా ఆఫీసరు ఒకాయన గోడ మీద బొమ్మలు వేసి చూపిస్తూ గంటసేపు మాట్లాడాడు. ఆయన మాటల్లో నాకు అర్థమైంది ఒకటే. మన రైతు పోటీకి తట్టుకోలేకపోతున్నాడు, పోటీకి తట్టుకునేట్టు తయారవ్వాలి. ఆ ముక్క ఎన్నిసార్లు అన్నాడంటే, నాకు లేవక తప్పలేదు.

"సార్, నేను బడిలో పరుగు పందెం కూడా గెల్చలే. పోటీ ఎవరితోనో చెప్పేస్తే ఈడనే ఓడిపోయి ఇంటికి పోతా. అన్నం టయానికన్నా పోవచ్చు."

హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "ఇదిగో, ఈ ఎగతాళే మనల్ని వెనక పెట్టింది" అన్నాడు. నాకు చురుక్కుమంది. మా వాళ్ళు వెనకబడింది నా ఎగతాళి వల్లనా? ముప్పై ఏళ్ళుగా ఏ విత్తనం వెయ్యాలో, ఏ రంగులో కొయ్యాలో, ఏ లారీకి ఎక్కించాలో ఎవరు చెబితే మేం చేశాం? అడుగుదామనుకునే లోపల టీ వచ్చింది. టీ తాగుతూ కోపంగా ఉండడం కష్టం. అది అయ్యాక ఆయనే పిలిచి, కుప్పం పక్కన టమోటా గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఒకటి ఉందని ఫోన్ నంబరు ఇచ్చాడు.

ఫోన్ చేస్తే ఒకావిడ మాట్లాడింది. "చెట్టు మీదనే బాగా మాగినవి తీసుకురాండన్నా. ఎర్రగా ఉండాల. మెత్తగా ఉన్నా పర్లేదు" అంది. స్పష్టంగా వినిపించింది. వినపడలేదని అబద్ధం చెప్పను. విని నవ్వుకున్నాను. ఏసీ గదిలో కూర్చున్నామెకు కాయ సంగతేం తెలుసులే అనుకున్నాను.

ఇక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. కాయ కొనేవాడి దగ్గరికి మాగిన టమోటా తీసుకుపోవడమనేది నా వల్ల కాదు. పెళ్ళికి చిరిగిన చొక్కా వేసుకుపోయినట్టు ఉంటుంది నాకు. ఎక్కడికి తీసుకుపోయినా దోర కాయే, ఒకే సైజు కాయే, తళతళలాడే కాయే. మండీలో అదే నేర్పారు, అదే మెచ్చుకున్నారు.

కోతనాడు కూలి ఆడవాళ్ళకు పొద్దున్నే చెప్పేశాను, ఎర్రది కనబడితే ఏరి గట్టు మీద పారెయ్యమని. మధ్యాహ్నానికి గట్టు మీద ఎర్ర కుప్ప మోకాలెత్తు లేచింది. మా అక్క ఒక పండు తీసి కొంగుతో తుడిచి చూసింది.

"ఇవి బాగుండాయి గదరా. యాల పారేస్తాండావు?"

"అవి ఆవులకక్కా. ఇట్లాంటివి తీసుకొనిపోతే నా పరువు యాడికి పోవాల?"

"ఫ్యాక్టరీవోళ్ళు ఎట్లాంటివి అడిగినారు?"

"నువ్వు ఊరికే ఉండక్కా. నీకు ఇంజెక్షన్ల సంగతి తెలుసు, నాకు టమోటా సంగతి తెలుసు" అన్నాను. ఆమె చేతిలోని పండును మళ్ళీ కుప్ప మీద పెట్టేసింది.

సగం చేను కోసి, చిన్న లారీ నిండా క్రేట్లు ఎక్కించి, పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయాను. క్రేటు క్రేటుకీ కాయలు పేర్చిన తీరు చూస్తే ఎవరైనా ఫోటో తీసుకోవాలి. ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ చూసి "ఏమప్పా, టమోటాలా, జామకాయలా?" అన్నాడు. మెచ్చుకుంటున్నాడని అనుకున్నాను.

ఫోన్‌లో మాట్లాడినావిడ బయటికొచ్చింది. కాయలు పరీక్ష చేసే ఉద్యోగం ఆమెది. పది కాయలు తీసి కోసింది. లోపల పచ్చగా ఉంది. పిండి ఒక చుక్క రసం, చిక్కదనం కొలిచే చిన్న గొట్టం లాంటి పరికరం మీద వేసి కంటి దగ్గర పెట్టుకుని చూసి తల అడ్డంగా ఊపింది.

"మాగినవి అని చెప్పినా గదన్నా?"

"దారిలో మాగుతాయనుకున్యా అమ్మా."

"కుప్పం ఏమన్నా కలకత్తాలో ఉండాదా అన్నా?"

ముప్పై ఏళ్ళలో నన్ను ఒక్క ముక్కతో కూర్చోబెట్టిన మనిషిని అప్పుడే చూశాను. ఆమె వెక్కిరించడానికి అనలేదు. నీళ్ళు తెప్పించి ఇచ్చి, నీడలో కూర్చోమంది.

కూర్చున్నచోటికి ఎదురుగా పెద్ద లారీలోంచి నీలం డ్రమ్ములు దించుతున్నారు. ఏమిటవి అని అడిగాను.

"టమోటా గుజ్జే అన్నా. ఓడలో వచ్చింది. వేరే దేశం సరుకు."

"ఈడ రోడ్ల మీద పారబోస్తా ఉంటే ఓడలో యాల తెప్పిస్తారు?"

ఆమె ఓపిగ్గా చెప్పింది. ఆ దేశంలో గుజ్జు కోసమే వేరే విత్తనం పెట్టారట. కాయలో నీళ్ళు తక్కువ, కండ ఎక్కువ. తోటంతా ఒకేసారి మాగుతుంది, మిషను కోస్తుంది. మన కాయలో నీళ్ళు ఎక్కువ కాబట్టి ఉడకబెట్టి చిక్కబరచడానికే కట్టెలూ కరెంటూ అయిపోతాయి. అందుకని సముద్రం దాటి వచ్చినా ఆ డ్రమ్మే చవక. మన పండు అందులో కొంచెం కలుపుతారు, అదీ బాగా మాగితేనే.

అప్పుడొచ్చిన కోపం నాకు ఇంకా తగ్గలేదు. చాలా ఏళ్ళ క్రితం హార్స్లీ హిల్స్ మీద ఒక రిసార్టుకు కూరగాయలు దించడానికి పోయినప్పుడు, వచ్చినవాళ్ళు బజ్జీలను చిన్న ప్యాకెట్లలోని ఎర్ర సాసులో ముంచుకుని తింటున్నారు. అప్పుడు కూడా కొండ కింద టమోటాలు పారబోసే ఉన్నాయి. ఆ ప్యాకెట్లోది మా కాయేననుకుని ఆ రోజు నేను మురిసిపోయాను. ఎంత పిచ్చివాణ్ణి! కొండ కింద మా కాయ కుళ్ళుతుంటే, కొండ మీద ఎవరిదో గుజ్జు తింటున్నారేమోనన్న అనుమానం కూడా రాలేదు.

విత్తనాల అంగడికి పోండి. తోలు మందంగా ఉండేది, లారీ కుదుపుకు పగలనిది, వారం నిలిచేది, ఎన్ని రకాలు కావాలంటే అన్ని ఉంటాయి. టమోటాను రాయి చెయ్యమన్నారు, చేశాం. దూరం పోయే సరుకే సరుకన్నారు, నమ్మాం. ఇప్పుడు ఆ రాయినే చూపించి, దీంట్లో రుచి లేదు, కండ లేదు, మీరు పోటీకి తట్టుకోలేరు అంటున్నారు. పందెం ఏమిటో చెప్పకుండా పరిగెత్తించి, చివర్లో ఇది ఈత పందెమప్పా అంటే ఎవడు గెలుస్తాడు? పుంగనూరు ఆఫీసరుకు ఆ రోజు నేను చెప్పవలసిన మాట ఇది. అవసరానికి రాని మాటలు నా దగ్గర బస్తాలకొద్దీ ఉన్నాయి.

కానీ ఎవరి మీద ఎంత అరిచినా గట్టు మీది ఎర్ర కుప్ప నాదే. వాళ్ళు అడిగిన పండు చేలోనే ఉంది. దాన్ని నా చేత్తో ఆవులకు పారేయించి, వాళ్ళు వద్దన్నదాన్ని అంత దూరం మోసుకొచ్చాను. ఆ తప్పు ఏ దేశం నుంచీ ఓడలో రాలేదు.

లోడు వెనక్కి తెచ్చి మదనపల్లె మండీలోనే దించాను. వచ్చింది బండి డీజిలుకు సరిపోయింది. అక్క ఇంటికి పోయి తమాషాగా మొదలుపెట్టాను.

"నీ కాయలు సూసి ఫ్యాక్టరీవోళ్ళు బెదిరిపోయినారక్కా. ఇంత గట్టివి కొరికితే మిషనుకే పండ్లు ఊడిపోతాయంట."

ఆమె నవ్వలేదు. "వాళ్ళు ఏమడిగినారు?"

"...మాగినవి."

"ఎప్పుడు అడిగినారు?"

"ఫోన్లోనే."

మా అక్క నన్ను ఆసుపత్రిలో పేషెంటు మందు ఉమ్మేస్తే ఎలా చూసేదో అలా చూసింది. తర్వాత లేచి, మిగిలిన సగం చేను ఇక కొయ్యొద్దని, చెట్టు మీదే మాగనిమ్మని చెప్పింది. మాగే రోజుల్లో వాన పడితే పండ్లు పగిలిపోతాయి. మూడో రోజు కొండ వైపు నుంచి నల్లగా మబ్బు పట్టింది. అక్క చేలో నిలబడి పైకి చూస్తూనే ఉంది. మబ్బు అలాగే సదుం వైపు పోయింది.

అయిదో రోజు ఎర్రవి మాత్రమే కోశాం. నన్ను క్రేట్లు ముట్టుకోనివ్వలేదు. సగం సగమే నింపి, మధ్యలో గడ్డి వేసి, తనే ఎక్కించుకుంది. లారీలో ముందు సీట్లో తనే కూర్చుంది. చుక్క రసం కారకుండా కుప్పం చేరాం. ఆ పరీక్ష చేసే ఆవిడ చూసి తల నిలువుగా ఊపింది. సరుకంతా తీసుకున్నారు. ధర విని అక్క అడిగింది.

"ఈ ధర ఎవరు పెట్టినారమ్మా?"

"ఆ డ్రమ్మే అక్కా. దానికంటే ఎక్కువ ఇయ్యలేం."

"మరి ఆ గుజ్జు విత్తనం మాకు యాడ దొరుకుతాది?"

"మన అంగళ్ళలో లేదక్కా."

అక్క నీలం డ్రమ్ముల వైపు చూసింది. ఆ పంట పారబొయ్యలేదు, అంతే. ఆమె అడిగింది అంతే, అందులోనూ నేను ఇచ్చింది సగమే.

తర్వాతి ఆదివారం మా చర్చిలో కోత పండుగ. ఎవరి పంట వాళ్ళు తెచ్చి పెడితే వేలం వేసి ఆ డబ్బు దేవుని పనికి ఇస్తాం. వేలం పాట ప్రతి ఏడూ నాదే. అక్క ఒక బుట్ట ఎర్రటి టమోటాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. నేను ఎప్పటిలాగే నా బడి బహుమతి జోకుతో మొదలుపెట్టాను. అందరూ నవ్వారు. పాస్టరుగారు కూడా నవ్వారు.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర అక్క ఖాళీ బుట్ట నా చేతిలో పెట్టింది.

"నిన్ను వదిలేసినాకనే బడి బాగుపడిందని నాకు ముందే తెలుసురా. తెలిసి తెలిసి మొదటి పంట నీ చేతిలో పెట్టినా సూడు, బహుమతి నాకియ్యాల."