నేను ఆడని పడవ ఆట

పాతికేళ్లుగా ఒక కంప్యూటర్ ఆట మీద బెంగ పెట్టుకుని ఉన్నాను. దాన్ని ఒక్కసారి కూడా ఆడలేదు. ఇంటర్ చదివే రోజుల్లో నేనూ, నా స్నేహితురాలు సుజాతా నిడదవోలులో ఒక కంప్యూటర్ సెంటర్‌లో చేరాం. వరద గోదావరిలో సుడులు తప్పించుకుంటూ పడవను ఆవలి ఒడ్డుకు చేర్చే ఆట తయారుచేద్దామనుకున్నాం. గళ్ల కాగితం మీద బొమ్మలు నేను గీశాను, ప్రోగ్రాం తను రాసింది. అది పూర్తికాకముందే నాన్నగారికి బదిలీ అయి తుని వచ్చేశాం. తర్వాత సుజాత ఉత్తరం రాసింది: "ఆట అదిరిపోయిందే! అందరూ వరసకట్టి ఆడుతున్నారు." మొదలుపెట్టినవన్నీ మధ్యలో వదిలేశానని దిగులు పుట్టినప్పుడల్లా, అదొక్కటైనా పూర్తయిందిగా అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. నిరుడు ఉద్యోగం పోయాక ఆ మాట మరీ తరచుగా చెప్పుకోవాల్సి వచ్చింది. ఈమధ్యే సుజాత నంబరు దొరికింది. ఆట దాచిన ఫ్లాపీ ఇంకా తన దగ్గరే ఉందంది.

పొద్దున ఏడింటికి తునిలో రైలెక్కాను. అన్నవరం, సామర్లకోట, రాజమండ్రి దాటి నిడదవోలు చేరడానికి మూడు గంటలు పట్టింది. స్టేషన్ నుంచి సుజాత జిరాక్స్ షాపుకి ఆటోలో నలభై రూపాయలు.

"చుట్టాలింటికాండీ?" అన్నాడు డ్రైవరు.

"స్నేహితురాలి దగ్గరికండి. ఒక ఆట ఆడ్డానికి."

అద్దంలో నన్నూ, నా తెల్ల జుట్టునూ చూసి నవ్వాడు. నేనూ నవ్వాను.

సుజాత నన్ను గట్టిగా పట్టుకుంది. పెసరట్టు తెప్పించింది. తర్వాత బిస్కెట్ల డబ్బాలోంచి ఫ్లాపీ తీసి ఇచ్చింది. లోపలి పొర మీద తెల్లగా బూజు. ల్యాప్‌టాప్‌కి తగిలించే ఫ్లాపీ డ్రైవు నేనే కొని తీసుకెళ్లాను. పెడితే గరగరమంది. నాలుగుసార్లు తుడిచి పెట్టినా తెరుచుకోలేదు.

"హైదరాబాద్‌లో ఇలాంటివి బాగుచేసేవాళ్లు ఉన్నారటే. పంపిద్దాం," అన్నాను.

"వద్దే."

"ఎంతైనా నేనిస్తాను."

"అందులో ఏమీ లేదే!" అంది సుజాత. షాపుకొచ్చిన మనిషిని మళ్లీ రమ్మని పంపేసి, నా ఎదురుగా కూర్చుంది. "ఆ ఆట అసలు పూర్తవనే లేదు. పడవ నది మధ్యదాకా వచ్చి ఆగిపోయేది. తప్పెక్కడుందో నెల్రోజులు వెతికాను. నువ్వు పక్కనుంటే దొరికేదేమో. నీకు చెప్పలేక అలా రాశాను. తర్వాత ఆ చదువే వదిలేశాను."

కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. "నా బొమ్మలైనా కనిపించేవా?" అని అడిగాను.

"కనిపించేవే. బావుండేవి," అంది. అదైనా నిజమో కాదో మళ్లీ అడిగే ధైర్యం చాల్లేదు.

తిరుగు ప్రయాణంలో రైలు గోదావరి వంతెన మీదకి రాగానే పక్కసీటావిడ కిటికీలోంచి రూపాయి బిళ్ల విసిరి దణ్ణం పెట్టుకుంది. నేను తల తిప్పలేదు. ఆడలేదన్న బెంగ ఉన్నన్నాళ్లూ ఆ ఆట నాకు ఉండేది. ఇప్పుడు బెంగ పెట్టుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు.

ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకి ఒక్క సలహా. తిరుగు టికెట్ ముందే తీసుకోకండి, ఆ దారిలో రైళ్లకు లోటు లేదు. ఆడుకోవడానికి తీరిక ఉండాలని నేను సాయంత్రం రైలుకి రిజర్వేషన్ చేయించుకున్నాను. నిడదవోలు ప్లాట్‌ఫాం మీద నాలుగు గంటలు ఊరికే కూర్చున్నాను.